మ్యానిఫోల్డ్‌ని సాఫు చేయండి, వెడల్పు చేయకండి

పాత పెట్రోలు కారు, ఇంట్లో ఒక గ్రైండర్, ఖాళీగా ఒక ఆదివారం. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి ఏదో ఒక రోజు ఈ పురుగు తొలుస్తుంది: ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్ళే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పి, లోపలి గొట్టాలు కాస్త వెడల్పు చేస్తే ఎలా ఉంటుంది? గాలి ఎక్కువ పోతుంది, దాంతోపాటు పెట్రోలూ ఎక్కువ పోతుంది, పికప్ పెరుగుతుంది. వినడానికి లెక్క చక్కగానే ఉంది. ఈ పనినే పోర్టింగ్ అంటారు.

మా తిరుపతిలో దీని మీద రెండు వర్గాలున్నాయి. "కంపెనీ వాడికి తెలీదా? నువ్వు వాడికంటే మొనగాడివా? ముట్టుకోవద్దు" అనేది ఒక వర్గం. ఇందులో ఇంట్లో పెద్దవాళ్ళు, సర్వీసు సెంటర్ల వాళ్ళు ఉంటారు. "బొక్క ఎంత పెద్దదైతే అంత మంచిది" అనేది రెండో వర్గం. రేణిగుంట రోడ్డు షెడ్లలో వీళ్ళదే రాజ్యం. నేను రెండింటిలోనూ లేను. ఇంట్లో పోర్టింగ్ చేసుకోవచ్చు, ఓపికుంటే చేసుకోవాలి కూడా. కాకపోతే డిజైనర్ కావాలని పెట్టినదాన్ని వదిలేసి, పోత పోసినప్పుడు మిగిలిపోయిన లోపాన్ని మాత్రమే తీయాలి. ఏది ఏదో గుర్తుపట్టడం రానంతవరకు గ్రైండర్ ప్లగ్గు పెట్టకూడదు.

నా బండి మారుతి ఎస్టీమ్, ఎంపీఎఫ్ఐ మోడల్, అంటే పాతకాలపు కార్బురేటర్‌కి బదులు ప్రతి సిలిండర్‌కీ ఒక ఇంజెక్టర్ పెట్రోలు చల్లే రకం. 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5. కొత్తలో 85 గుర్రాల (హార్స్‌పవర్) బలం. మ్యానిఫోల్డ్ అల్యూమినియం పోత. ఇప్పుడొచ్చే కార్లలో చాలావాటికి మ్యానిఫోల్డ్ నైలాన్‌ది. అది అచ్చులోంచే నున్నగా వస్తుంది, అందులో మనం గీకడానికి ఏమీ ఉండదు. కాబట్టి కొత్త బండి ఉన్నవాళ్ళు ఈ గోల సరదాకి చదువుకోండి.

ముందు మొదటి వర్గానికి జవాబు చెప్పాలి. కంపెనీ వాడికి తెలుసా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. అయితే మ్యానిఫోల్డ్ ఎలా పుడుతుందో ఒకసారి చూడండి. లోహాన్ని కరిగించి అచ్చులో పోస్తారు. లోపల గొట్టం ఖాళీగా రావాలి కాబట్టి ఆ ఆకారంలో ఇసుకతో ఒక కోర్ చేసి మధ్యలో నిలబెడతారు. పోసేటప్పుడు ఆ కోర్ ఇసుమంత పక్కకు జరిగినా గోడ ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా వస్తుంది. కోర్ రెండు సగాలు కలిసినచోట పొడుగునా సన్నటి గట్టు మిగులుతుంది. ఇసుక గరుకు గోడల మీద అలాగే దిగుతుంది. తర్వాత హెడ్డుకు (సిలిండర్ల పైన వాల్వులు ఉండే భాగానికి) ఆనే ముఖాన్ని మిల్లింగ్ చేసి, బోల్టు రంధ్రాలు వేస్తారు. ఆ రంధ్రాలు, లోపలి గొట్టాలు ఒకదానికొకటి కచ్చితంగా కుదరవు. హెడ్డుదీ ఇదే కథ. రెండు పోతలు ఎదురెదురుగా బిగిసినప్పుడు నాలుగు రంధ్రాలూ నాలుగు రకాలుగా ఎడం అవుతాయి. వీటిని ఒక్కొక్కటిగా చేత్తో సరిచేయాలంటే మ్యానిఫోల్డ్‌కి ఒక మనిషిని ఒక పూట కూర్చోబెట్టాలి. రేసు ఇంజిన్లకు కూర్చోబెడతారు కూడా. సంసారపక్షంగా అమ్మే కారుకు ఆ ఖర్చు గిట్టదు. ఆ పూట నేను నా ఇంట్లో, నా వరండాలో పెట్టుకుంటున్నానంటే కంపెనీని తప్పు పట్టినట్టు కాదు.

మ్యానిఫోల్డ్ విప్పి, హెడ్డు వైపున్న రంధ్రంలో చూపుడువేలు పెట్టి అంచు చుట్టూ తిప్పితే సంగతి తెలిసిపోతుంది. నా దాంట్లో ఒకటో నంబరు, నాలుగో నంబరు బాగానే ఉన్నాయి. రెండోది కొంచెం గరుకు. మూడో దానిలో, కిందివైపు, గోరు టక్కున ఆగింది. ఎండలో ఏటవాలుగా పట్టి చూస్తే అక్కడ హెడ్డు అంచు తగిలిన మసి గుర్తు నెలవంకలా కనబడింది. అంటే ఆ సిలిండర్‌కి పోయే గాలి ఇన్నేళ్ళుగా ఆ మూల ఢీకొంటూనే పోయింది. ఇలాంటి మెట్టు ఎవరూ డిజైన్ చేసింది కాదు. దీన్ని తీయడానికి మొహమాటం అక్కర్లేదు.

మెట్లలోనూ మంచీ చెడ్డా ఉన్నాయి. గాలి మ్యానిఫోల్డ్‌లోంచి హెడ్డులోకి పోతుంది కదా. మ్యానిఫోల్డ్ రంధ్రం పెద్దదై హెడ్డు రంధ్రం చిన్నదైతే గాలికి ఎదురుగా గోడ వచ్చినట్టు, అది చెడ్డది. మ్యానిఫోల్డ్ రంధ్రమే అర మిల్లీమీటరు చిన్నదైతే గాలికి పెద్ద ఇబ్బంది లేదు, పైగా తక్కువ ఆర్పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు తక్కువున్నప్పుడు) సిలిండర్ వెనక్కి ఉమ్మే గాలికి ఆ అంచు కొంత అడ్డం పడుతుంది. "మెట్టు కనబడింది, లేపేద్దాం" అనుకునేవాళ్ళు ముందు అది ఏ వైపు చూస్తోందో చూడాలి.

ఇక రెండో వర్గం. మా మెకానిక్ నాకంటే చిన్నవాడు, ఇంజిన్ విప్పడంలో నాకంటే పదింతలు పనిమంతుడు. ఈ ఒక్క విషయంలో మాత్రం మాకు ఎప్పుడూ రగడే.

"అది కాదన్నా, గొట్టం పెద్దదైతే గాలి జాస్తి పోదా?"

"పోతుంది తమ్ముడూ. ఎన్ని ఆర్పీఎం దగ్గర?"

అక్కడే ఉంది కిటుకంతా. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని లాగుతుంది. గొట్టం సన్నగా ఉంటే అదే గాలి వేగంగా పోవాలి, వెడల్పుగా ఉంటే నిదానంగా పోతుంది. నా ఇంజిన్ 2,500 ఆర్పీఎం దగ్గర ఉన్నప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు 6.3 మీటర్లు. గొట్టం 32 మిల్లీమీటర్లు అనుకుంటే అందులో గాలి సగటున 34 మీటర్ల దాకా పోతుంది. దాన్ని 36 చేశామనుకోండి, 27కి పడిపోతుంది. నాలుగు మిల్లీమీటర్లకే ఐదో వంతు వేగం పోయింది.

పోతే ఏమిటట? ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరగానే మూసుకోదు. పిస్టన్ తిరిగి పైకి బయలుదేరాక కూడా కొంతసేపు తెరిచే ఉంటుంది. గొట్టంలో గాలి మంచి ఊపు మీద ఉంటే, పిస్టన్ ఎదురొస్తున్నా అది తోసుకుంటూ లోపలికి దూరుతుంది. ఊపు లేకపోతే పిస్టనే దాన్ని మ్యానిఫోల్డ్‌లోకి తిప్పికొడుతుంది. ఆ ఊపు వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే లెక్కను బట్టి ఉంటుంది కాబట్టి, 34 నుంచి 27కి తగ్గితే మూడో వంతుకు పైగా పోయినట్టే. దీన్నే మనం డ్రైవింగ్ సీట్లో కూర్చుని "కింద పుల్లింగ్ లేదు" అంటాం. వేగం తగ్గితే ఇంకో నష్టం, పెట్రోలు తుంపరలు గాలిలో తేలకుండా గోడలకు అంటుకుని కారతాయి. కార్బురేటర్ బండ్లలో ఇది మరీ ఎక్కువ.

6,000 ఆర్పీఎం దగ్గర కథ వేరే. అక్కడ అదే 32 గొట్టంలో గాలి సెకనుకు 80 మీటర్లు దాటుతుంది, రాపిడి బాగా పెరుగుతుంది, వెడల్పు గొట్టం నిజంగానే సాయపడుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు మీద ఇంజిన్‌ని ఎప్పుడూ మీటరులో ఎరుపు గీత దగ్గరే తిప్పేవాడికి మా మెకానిక్ తమ్ముడి మాటే కరెక్టు. కానీ మనం రోజూ తిరిగేది లీలామహల్ సర్కిల్, చంద్రగిరి రోడ్డు, భాకరాపేట ఘాట్. ఎస్టీమ్‌ని 6,000 దాకా నేను తిప్పే సందర్భాలు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"కొండ ఎక్కాలి కదన్నా, పవర్ వద్దా?" అనేది తిరుపతిలో ఎవరైనా చివరికి తీసే అస్త్రం. దీనికి కూడా లెక్క వేసి చూశాను. అలిపిరి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,200 కిలోల కారును అంత ఎత్తుకు అరగంటలో తీసుకెళ్ళాలంటే సగటున ఆరు గుర్రాల పని. టైర్ల రాపిడి, గాలి అడ్డు కలుపుకున్నా పది గుర్రాల చుట్టుపక్కలే తేలుతుంది. అరగంటే ఎందుకంటే, ఘాట్ రోడ్డు మీద టైము చూస్తారు, మరీ ముందే పైన తేలితే జరిమానా. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు, ఎక్కడానికి వాడే రెండోది 1974లో వచ్చింది. ఆ రోజుల్లో నలభై గుర్రాల ప్రీమియర్ పద్మినీ కార్లు కుటుంబమంతటినీ, గుండు చేయించుకోవాల్సిన పిల్లలతో సహా, ఎక్కించుకుని నిక్షేపంగా వెళ్ళొచ్చాయి. మలుపులో రెండో గేరు వేసి తిరిగి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి మూలగకుండా లాగాలి, అంతే. అది 2,000, 2,500 దగ్గర జరిగే పని. గొట్టం వెడల్పు చేస్తే సరిగ్గా అక్కడే దెబ్బ.

పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, అదీ నిజమే. తిరుమలలో గాలి పీడనం తిరుపతి కంటే దాదాపు ఎనిమిది శాతం తక్కువ. దాన్ని ఏ పోర్టింగూ పూడ్చలేదు.

ఇంకో మాట. గాలికి అసలు ఇరుకు మ్యానిఫోల్డ్‌లో కాదు, వాల్వు దగ్గర ఉంటుంది. వాల్వు ఆనుకునే సీటు, దాని వెనక గిన్నెలాంటి గుంట, గొట్టం వంపు తిరిగేచోట లోపలివైపు అంచు, ఈ మూడింటి దగ్గరే గాలి ఎక్కువ నష్టపోతుంది. క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు ఎంత విశాలంగా కట్టినా బంగారు వాకిలి దగ్గర కదిలినంతే కదులుతుంది, ఇదీ అంతే. అందుకే డబ్బు పెట్టదలుచుకుంటే ముందు హెడ్డు తీసుకెళ్ళి మంచి మెషిన్ షాపులో వాల్వు సీట్లు మూడు కోణాల్లో కట్ చేయించండి, వాల్వులు సరిగ్గా కూర్చునేలా చూడండి. హెడ్డు లోపల ఆ గిన్నె ప్రాంతాన్ని ఇంట్లో గ్రైండర్‌తో ముట్టుకోవద్దు. పక్కనే నీళ్ళ దారి ఉంటుంది, గోడ ఎంత మందమో బయటికి కనబడదు. బొక్క పడితే హెడ్డు పాత సామాన్లకే.

మైలేజీ పెరుగుతుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను నమ్మను. ఊళ్ళో నడిపేటప్పుడు మన కాలు యాక్సిలరేటర్ మీద కొంచెమే ఉంటుంది, థ్రాటిల్ పలక చాలావరకు మూసే ఉంటుంది. అంటే గాలిని మనమే కావాలని ఆపుతున్నాం. గుమ్మం దగ్గర ఆపినదాన్ని లోపల నడవ వెడల్పు చేసి రప్పించలేం. దీనికంటే బానెట్ తెరిచి ఎయిర్ ఫిల్టర్‌కి బయటి గాలి తెచ్చే గొట్టం ఉందో లేదో చూసుకోండి. పాత బండ్లలో అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అప్పుడు ఇంజిన్ తన వేడిగాలినే పీలుస్తుంది. ప్రతి మూడు డిగ్రీల వేడికి గాలి సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. మే నెలలో మా ఊరి ఎండకు బానెట్ కింద ఇంకో ఇరవై డిగ్రీలు కలిస్తే ఆరు శాతం దాకా ఊరికే పోయినట్టు. ఆ గొట్టం తిరిగి పెట్టడానికి గ్రైండర్ అక్కర్లేదు.

ఇన్ని చెప్పాక పని ఎలా చేయాలో చెప్పకపోతే బాగుండదు.

చాలామంది ప్యాకింగ్‌ని, అదే గ్యాస్కెట్‌ని, మ్యానిఫోల్డ్ ముఖం మీద పెట్టి దాని రంధ్రం గీసుకుని అంతవరకు గీకేస్తారు. ఇది తప్పు పద్ధతి. ప్యాకింగ్ రంధ్రం లోపలికి పొడుచుకురాకుండా ఉండడానికి కావాలనే పెద్దది కోస్తారు. దాని కొలతకు గీకితే గొట్టం మధ్యలో ఉబ్బు వస్తుంది, గాలి అక్కడ నెమ్మదించి మళ్ళీ ఇరుకులోకి దూరాలి. కొలత హెడ్డు నుంచి తీసుకోవాలి. మన పాత మెకానిక్కులు ప్యాకింగ్ షీట్ కొట్టే విద్యే ఇక్కడ పనికొస్తుంది. దళసరి అట్టను హెడ్డు నుంచి పొడుచుకొచ్చే స్టడ్‌ల (బోల్టు కడ్డీల) మీద గట్టిగా దూర్చి, రంధ్రం అంచు చుట్టూ చిన్న సుత్తి గుండ్రటి తలతో నెమ్మదిగా తడుతూ పోతే అట్ట ఆ అంచు మీదే తెగుతుంది. ఆ అట్టను మ్యానిఫోల్డ్ ముఖానికి పెట్టి గుర్తు గీసుకోవాలి. ముఖానికి ముందు మార్కర్ రంగు పూసి, సూదితో గీస్తే గీత చక్కగా కనబడుతుంది.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. మ్యానిఫోల్డ్ బోల్టు రంధ్రాలు స్టడ్‌ల కంటే వదులుగా ఉంటాయి. బిగించిన ప్రతిసారీ అది కొంచెం అటో ఇటో కూర్చుంటుంది. ఈ వదులు తీయకుండా గీత గీసి గీకితే, ఈసారి కుదిరింది వచ్చేసారి తప్పుతుంది. రెండు చివరల స్టడ్‌లకు సన్నటి రేకు తొడుగు చుట్టి ఆ వదులు పోగొట్టాను. ఇది లేత్ షాపులో బుష్ వేయించుకుంటే ఇంకా శుభ్రంగా వస్తుంది.

పనిముట్టు విషయానికొస్తే, అల్యూమినియానికి పళ్ళు ఎడంగా ఉండే కార్బైడ్ బర్ (గ్రైండర్‌కి తగిలించే కోత బిట్టు) తీసుకోవాలి. ఇనుముకు వాడే సన్నపళ్ళ బర్ పెడితే నిమిషంలో పళ్ళ మధ్య లోహం మెత్తుకుపోయి, కోత మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. శబ్దం మారుతుంది, కర్రుమనేది కాస్తా కీచుమంటుంది. అప్పుడు ఆపి, కిరసనాయిలులో ముంచిన బ్రష్‌తో తోమాలి, లేదా ముందే బర్‌కి కొవ్వొత్తి మైనం రుద్దుకోవాలి. రాలే రజను సూదుల్లా ఉంటుంది, వేళ్ళలో దిగితే భూతద్దం పెట్టి తీసుకోవాల్సిందే. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. గుడ్డ గ్లవ్సులు వద్దు, తిరిగే బర్‌కి చుట్టుకుంటాయి. ఉక్కపోతకు మెడలో తువ్వాలు వేసుకుని ఈ పనికి కూర్చునేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్.

గీత దగ్గర మాత్రమే గీకి ఆపకూడదు. అంచు నుంచి లోపలికి రెండు మూడు సెంటీమీటర్లు క్రమంగా కలుపుకుంటూ పోవాలి. అచ్చు గట్టు తీసేయాలి. అక్కడితో ఆగాలి. కొన్ని కార్బురేటర్ మ్యానిఫోల్డ్‌లలో కార్బురేటర్ కింద నేల మీద గీతలుగా చిన్న గట్లు ఉంటాయి. అవి పోత లోపంలాగే కనబడతాయి, కానీ నేల మీద మడుగు కట్టే పెట్రోలును చెదరగొట్టి అన్ని సిలిండర్లకూ సమంగా పంచడానికి కావాలని పెట్టినవి. వాటిని నున్నగా చేస్తే ఒక సిలిండర్‌కి తిండి ఎక్కువ, ఒకదానికి తక్కువ. ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇంజెక్టర్ కూర్చునే గూటి చుట్టుపక్కల కూడా అంతే, ఆ కోణం వాల్వు వెనక్కి గురిపెట్టి ఉంటుంది. గొట్టాల పొడవు జోలికీ పోవద్దు. గాలి అలలు ఏ ఆర్పీఎంలో వాల్వు దగ్గరికి సరిగ్గా అందాలో చూసి కట్టిన కొలత అది.

చివరగా ఎనభై నంబరు ఎమరీ చుట్టతో ఒక పట్టు పడితే చాలు. అద్దంలా మెరిపించి ఫోటో తీసుకునే సరదా చాలామందికి ఉంది. పెట్రోలు తడి పోయే గొట్టానికి ఆ మెరుపు మేలు చేయదు. మరీ నున్నటి గోడ మీద తుంపరలు చేరి చుక్కలుగా కారతాయి, కాస్త గరుకుంటే పల్చగా పరుచుకుని ఆవిరవుతాయి. మెరుపు కావాలంటే ఎగ్జాస్ట్ వైపు పెట్టండి, అక్కడ మసి తక్కువ పడుతుంది.

మ్యానిఫోల్డ్ ఇంజిన్ మీదే ఉంచి ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఒక్క రజను ముక్క సిలిండర్‌లోకి పోతే బోరు గీతలు పడుతుంది. విప్పి, గీకి, సబ్బునీళ్ళతో సీసా బ్రష్ పెట్టి కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి, మళ్ళీ కడగాలి. మూలల్లో తెల్లగుడ్డ పెట్టి తిప్పితే మెరిసే పొడి రావడం పూర్తిగా ఆగాలి. కొత్త ప్యాకింగ్ వేసి, మధ్య బోల్టు నుంచి చివరలకు వెళుతూ, మాన్యువల్లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) విడతలుగా బిగించాలి. స్టార్ట్ చేశాక ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. కార్బ్ క్లీనర్ అతుకు పొడుగునా కొంచెం కొంచెం చల్లుతూ పోతే, లీకున్నచోట ఇంజిన్ చప్పుడు మారిపోతుంది. వేడి ఎగ్జాస్ట్ వైపు మాత్రం చల్లొద్దు, అంటుకుంటుంది.

నాకు ఏం ఒరిగిందంటే, నాలుగో గేరులో 40 నుంచి 80కి చేరే టైము ఫోను వీడియోలో ముందూ వెనకా పోల్చితే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐడిల్‌లో స్టీరింగ్‌కి వచ్చే వణుకు తగ్గింది. ఇదివరకు మూడో సిలిండర్ స్పార్క్ ప్లగ్గు మిగతావాటికంటే రంగు తేడాగా ఉండేది, ఇప్పుడు నాలుగూ ఒకే రంగులో వస్తున్నాయి. నాలుగు సిలిండర్లూ సమంగా పనిచేయడమే నాకు కావలసింది, అది వచ్చింది. "దీనికా అన్నా ఇంత కష్టం" అని మా తమ్ముడు నవ్వాడు.

చట్టం సంగతి కూడా అడుగుతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, బండి మూల లక్షణం మారేలా నిర్మాణాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా మార్చకూడదని చెప్పింది. పోతలో మిగిలిన గట్టు తీయడం ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం. ఇంజిన్ మార్పిడి, సైలెన్సర్ పీకడం వేరే విషయం. వారంటీలో ఉన్న బండిని మాత్రం ముట్టుకోకపోవడమే మంచిది.

డీజిల్ వాళ్ళు కూడా పోర్టింగ్ అడుగుతుంటారు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు) ఉన్న డీజిల్ బండికి లక్ష కిలోమీటర్లు తిరిగాక మ్యానిఫోల్డ్ విప్పి చూడండి. మసి, ఆయిలు ఆవిరి కలిసి లోపల తారులా గట్టిపడి, గొట్టం సగం మూసుకుపోయి ఉండొచ్చు. దానికి బర్ అక్కర్లేదు. డీగ్రీజర్‌లో రాత్రంతా నానబెట్టి, ప్లాస్టిక్ గరిటెతో గీకి కడిగేయండి. వెడల్పు చేయకుండానే గొట్టం తన అసలు వెడల్పుకు వస్తుంది.